మర్నాడు పొద్దున ఏం చేస్తాడు? మన సినిమా పాత్రలు ఎంతవరకు ఎదిగాయి

ప్రశ్న: నాకు నలభై దాటాయి. ఈమధ్య ఏ సినిమా చూసినా ముప్పై ఏళ్ల హీరో, ఉద్యోగం చేసే హీరోయిన్, ఆఖరికి వాళ్ల నాన్నలు కూడా ఇంటర్ పిల్లల్లా అలుగుతున్నారు, అరుస్తున్నారు, చిన్నదానికీ పెద్దదానికీ అబద్ధాలు ఆడుతున్నారు. మన తెలుగు సినిమాల్లో పెద్దవాళ్లలా ప్రవర్తించే పాత్రలు అసలు ఉన్నాయా? మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. వాడితో కలిసి కూర్చుని చూడదగ్గవి ఏవైనా ఉంటే చెప్పండి.

సమాధానం:

ఉన్నాయండీ. కాకపోతే అవి మనం వెతికే చోట ఉండవు. చాలామంది హీరోలోనే వెతుకుతారు. హీరో నిదానంగా, గంభీరంగా, నాలుగు మంచి మాటలు చెబుతూ ఉంటే ఎదిగిన పాత్ర అనుకుంటారు. గట్టిగా నవ్వి, గట్టిగా ఏడిస్తే కుర్రతనం అనుకుంటారు. రెండూ సరికాదు.

నేను చాలా ఏళ్లుగా స్టోరీ సిట్టింగుల్లో కూర్చునే రైటర్ని. తెర మీద పేరు పడిన సినిమాలున్నాయి, పడనివీ ఉన్నాయి. సిట్టింగులో ఒక పాత్ర గురించి వాదన ముదిరినప్పుడు నేను అడిగేది ఒకటే ప్రశ్న: ఈ సీను అయిపోయాక, మర్నాడు పొద్దున ఈ మనిషి ఏం చేస్తాడు?

కోపం అందరికీ వస్తుంది. అరవై ఏళ్లవాళ్లూ అలుగుతారు. ప్రేమలో పడితే ఏ వయసువాడికైనా నిద్ర పట్టదు. కాబట్టి ఆవేశం ఎంతుంది అన్నదాన్ని బట్టి మనిషి ఎదిగాడో లేదో చెప్పలేం. అరిచాక, తాగాక, మాట తప్పాక, చెయ్యి చేసుకున్నాక తెల్లారుతుంది కదా. అప్పుడు ఎవరి ఇంటికి వెళతాడు, ఏం నోరు పెట్టుకుని మాట్లాడతాడు, జరిగిన నష్టం ఎవరు భరిస్తారు? కుర్రమనసుకు ఆ తెల్లారడం ఉండదు. ఎవరో ఒకరు సర్దేస్తారు. అమ్మ సర్దుతుంది, ఫ్రెండ్ సర్దుతాడు, ప్రేమించిన అమ్మాయి సర్దుకుపోతుంది. ఎదిగినవాడు తను చేసినదాన్ని తనే మోస్తాడు, మోయలేకపోతే ఆ సంగతి నోరు తెరిచి చెబుతాడు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. పాత్ర కుర్రతనంగా ఉండటం వేరు, సినిమా కుర్రతనంగా ఉండటం వేరు. పాత్రలన్నీ చిన్నపిల్లల్లా కొట్టుకుంటున్నా సినిమా మాత్రం పెద్దమనిషిలా వాళ్లను చూస్తూ ఉండొచ్చు. మీ బాధ నిజానికి ఈ రెండోదాని గురించే అనుకుంటున్నాను.

2023లో వచ్చిన 'బలగం' చూడండి. అందులో కుటుంబం విడిపోయింది దేనికి? నల్లి బొక్కకు, అంటే మూలుగ ఉన్న ఎముక ముక్కకు. విందులో అల్లుడు నారాయణ కంచంలో నల్లి బొక్క పడలేదు. మాటా మాటా పెరిగింది. బామ్మర్ది ఐలయ్య తగ్గలేదు, బావ తగ్గలేదు. నారాయణ భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. ఇరవై ఏళ్లపాటు ఆ ఇంటి ఆడపిల్ల పుట్టింటి గడప తొక్కలేదు. ఇద్దరూ పెళ్లిళ్లయి పిల్లలున్న మగాళ్లు, ఊళ్లో పరువున్నవాళ్లు. ప్రవర్తన మాత్రం ఆటలో అవుట్ ఒప్పుకోని పిల్లలది.

ఇప్పుడు ఆ ప్రశ్న వేయండి. మర్నాడు పొద్దున నారాయణ అత్తగారింటికి వచ్చి 'ఏదో నోరు జారింది' అనుంటే? ఐలయ్య వెళ్లి 'తప్పైంది బావా, లక్ష్మిని పంపు' అనుంటే? అలాంటి పొద్దులు ఇరవై ఏళ్లలో కొన్ని వేలు వచ్చాయి. ఒక్క పొద్దున కూడా ఎవరూ కదల్లేదు. ఆ పంతానికి మూల్యం కట్టింది ఆ ఇద్దరూ కాదు, లక్ష్మి. తండ్రి కొమురయ్య బతికుండగా చూడలేకపోయింది, శవాన్ని చూడటానికి వచ్చింది. ఆ సినిమాలో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, వాళ్ల కొట్లాటకు నవ్విస్తూనే, లక్ష్మి ముఖం మీద నుంచి మన కళ్లు పక్కకు పోనివ్వదు. పెద్దాయనకు పెట్టినదాన్ని పిట్ట ముట్టదు. అప్పటికీ వీళ్లు ఆ పాత నల్లి బొక్క గొడవే మళ్లీ తవ్వుకుంటారు. మనవడు సాయిలు అయితే మరీను. తాత పోయిన ఇంట్లో వాడి ఆలోచన తన అప్పుల మీద, ఆగిపోయిన పెళ్లి మీద, రావాల్సిన కట్నం మీద. దర్శకుడు వేణు యెల్దండి వాడి స్వార్థాన్ని దాచలేదు, వాడిని రాక్షసుడినీ చేయలేదు. చివర్లో బుడగ జంగాల కళాకారులు కొమురయ్య కథను పాటగా కట్టి పాడుతుంటే మగాళ్లంతా కూలబడి ఏడుస్తారు. వాళ్లు ఎదిగింది అక్కడ, అదీ ఆలస్యంగా, తండ్రి పోయాక. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరు ఊరంతా కూర్చుని ఆ సినిమా చూసిందంటే కారణం అదే. ప్రతి ఇంట్లోనూ అలాంటి నల్లి బొక్క ఒకటి ఉంది.

పాత్రలు కుర్రతనంగా, సినిమా పెద్దరికంగా ఉండటం అంటే ఇది.

'బొమ్మరిల్లు' (2006) సంగతి ఇంకా ఆసక్తికరం. అందులో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని అడిగితే చాలామంది హాసినిని చిన్నపిల్ల అంటారు. తల ఒక్కసారి తగిలితే కొమ్ములొస్తాయని మళ్లీ తల కొట్టే పిల్ల కదా. ఆ అల్లరి చూసి ఆ తర్వాత కొన్నేళ్లపాటు మన దర్శకులు వరుసగా అలాంటి హీరోయిన్లనే రాయించుకున్నారు. అల్లరి మాత్రం తీసుకున్నారు, హాసినిని వదిలేశారు.

హీరో సిద్ధు ఏం చేశాడో గుర్తు చేసుకోండి. తండ్రి కుదిర్చిన సంబంధం ఇష్టం లేదు, కానీ ఆ మాట తండ్రితో చెప్పలేడు. హాసినిని ప్రేమిస్తున్నానని చెప్పలేడు. చెప్పకుండా, ఆ అమ్మాయి చేత వాళ్ల నాన్నకు అబద్ధం చెప్పించి, తన ఇంటికి తెచ్చి వారం రోజులు పెట్టి, తనవాళ్లందరికీ నచ్చేలా ఉండమంటాడు. తను పడాల్సిన కష్టాన్ని ఆ పిల్ల మీద పెట్టాడు. పైగా ఆమె తనకు అలవాటైన పద్ధతిలో ఉంటే విసుక్కుంటాడు. హాసిని ఆ వారం మొత్తం ప్రయత్నించి, తను తనలా లేకుండా పోతోందని గమనించి, ఈ ఇంట్లో నేను ఉండలేను అని చెప్పి వెళ్లిపోతుంది. ఇష్టం ఉండి కూడా వెళ్లిపోతుంది. ఆ సినిమాలో మొట్టమొదట ఎదిగిన పని చేసింది ఆమె. తండ్రి ముందు సిద్ధు నోరు తెరిచింది ఆమె వెళ్లాకే. ఆ చివరి సీనులో అతను అరుస్తాడు, ఏడుస్తాడు, చిన్నప్పటి నుంచి ఉన్న లెక్కలన్నీ తీస్తాడు. పైకి అది పసివాడి ఏడుపులా ఉంటుంది. కానీ ఆ ఇంట్లో అతను చెప్పిన మొదటి నిజం అది. అంత గట్టిగా ఏడ్చినా అది పెద్దవాడి పనే.

తండ్రి పాత్రలో ప్రకాష్‌రాజ్ విన్నాక మౌనంగా కూర్చోవడం కూడా అంతే ముఖ్యం. మన సినిమాల్లో తండ్రులు సాధారణంగా చివరి రీలులో ఒక్క క్షణంలో మారిపోతారు. ఇక్కడ ఆయన ఎక్కడ తప్పు చేశాడో మనం రెండు గంటలుగా చూస్తూనే ఉన్నాం. పసివాడు అడుగులు నేర్చుకుంటుంటే తండ్రి చెయ్యి పట్టుకున్న దృశ్యంతో మొదలైన సినిమా కాబట్టి, ఆయన ప్రేమను మనం శంకించం. అందుకే ఆ మార్పు నమ్మబుద్ధి అవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కుముడి దగ్గరికి వద్దాం. 'అర్జున్ రెడ్డి' (2017) గురించి మాట్లాడకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. ఆ సినిమా అంటే మండిపడేవాళ్లున్నారు, ప్రాణం పెట్టేవాళ్లున్నారు. నటన, సౌండు, ఫ్రెండ్స్ మాట్లాడుకునే తీరు, తెలుగులో అంతకుముందు అలా రాలేదని నేనూ ఒప్పుకుంటాను. అర్జున్ డాక్టరు, సర్జన్. ప్రీతిని ప్రేమిస్తాడు, ఆమెకు వేరే పెళ్లి అవుతుంది, తాగుడులో పడతాడు. తాగిన మత్తులో ఆపరేషన్ చేసి పడిపోతాడు. విచారణలో లాయరు, ఇంట్లోవాళ్లు ఎలాగైనా బయటపడేయాలని చూస్తుంటే, అతనే నిలబడి అవును, తాగి చేశాను అని ఒప్పుకుంటాడు. అయిదేళ్లు లైసెన్స్ పోతుంది. ఆ ఒక్క సీను చూసి నేను థియేటర్లో నిటారుగా కూర్చున్నాను. సినిమా మొత్తంలో అతను పూర్తిగా ఎదిగిన మనిషిగా ఉన్నది ఆ కొన్ని నిమిషాలే. తన వృత్తి విషయంలో తప్పించుకోలేదు.

మరి ప్రీతి? ఆమె కథ మనకు ఎలా తెలుస్తుంది? చివర్లో పార్కులో నిండు గర్భిణిగా కూర్చుని ఉంటుంది. పెళ్లయిన కొద్దిరోజులకే ఆ పెళ్లి వదిలేసి వచ్చేశానని, కడుపులో బిడ్డ నీదేనని, క్లినిక్‌లో పని చేసుకుంటున్నానని మాటల్లో చెబుతుంది. ఆలోచించండి. ఇష్టంలేని పెళ్లి కాదనుకుని, పుట్టింటికి వెళ్లే దారి లేక, గర్భంతో, ఒంటరిగా ఇల్లు అద్దెకు తీసుకుని, రోజూ డ్యూటీకి వెళ్లిన అమ్మాయి. ఇల్లు అద్దెకు ఇచ్చినావిడ ఏమడిగి ఉంటుంది? ఆస్పత్రి రిజిస్టర్‌లో భర్త పేరు అని ఉన్న చోట ఏం రాసి ఉంటుంది? తోటి డాక్టర్లకు ఏం చెప్పి ఉంటుంది? ఆ నెలలన్నీ ప్రతి పొద్దునా ఆమె లేచి తలదువ్వుకుని పనికి వెళ్లింది. ఆ సినిమాలో అందరికన్నా పెద్దమనిషి ఆమె. కెమెరా మాత్రం ఆ నెలలన్నీ అర్జున్ మంచం పక్కనే కూర్చుంది. మూడు గంటల సినిమాలో ఆ కథకు దక్కింది నాలుగు మాటలు.

పాత్ర తాగడం, కొట్టడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఎదిగిన కథ ఆ సినిమాలోనే ఉంది. దాన్ని తీయాలని ఎవరికీ అనిపించలేదు.

ఎందుకు అనిపించదు? ఇది లోపలివాళ్లం చెప్పాల్సిన సంగతి. ఒక కథ మీద పనిచేస్తున్నప్పుడు అందులో హీరో ఆఫీసులో మేనేజర్ మీద చెయ్యి చేసుకుని ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ఆ తర్వాత నేను చిన్న సీను రాశాను. పొద్దున్నే తండ్రి వాకిట్లో పేపర్ చదువుతుంటాడు. కొడుకు రోజూలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని, టిఫిన్ బాక్సు పట్టుకుని బయల్దేరతాడు. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేదు మరి. తల్లి వెనక నుంచి, 'ఈ నెల చిట్టీ కట్టాలి, గుర్తుందిగా నాన్నా' అంటుంది. వాడు తల ఊపి బండి స్టార్ట్ చేస్తాడు. అంతే సీను. డైరెక్టర్‌కు నచ్చింది. హీరోకు నెరేషన్ ఇచ్చొచ్చాక ఆ సీను పోయింది, ఆ చోట బార్‌లో పాట వచ్చింది. చెప్పిన కారణం రెండు ముక్కలు: 'లాగ్ అవుతుంది', 'హీరో గ్రాఫ్ పడిపోతుంది'.

ఈ రెండు మాటలు మన సినిమాల్లో లెక్కలేనన్ని తెల్లారిన సీన్లను మింగేశాయి. సీను ఆర్డర్ వేసేటప్పుడు ఇంట్రో, పాట, ఫైటు, ఇంటర్వెల్ బ్యాంగ్, క్లైమాక్స్ ముందు కూర్చుంటాయి. వాటి మధ్య మిగిలిన జాగాలో కథ సర్దుకోవాలి. ఆ పెద్ద ఘట్టాలన్నీ ఆవేశానివే. ఆవేశం తర్వాత వచ్చే నిశ్శబ్దానికి అందులో జాగా లేదు. పైగా హీరో ఎవరికీ బాకీ ఉండకూడదు. అప్పు తీసుకుంటే ఇంటర్వెల్ లోపు పదింతలు ఇచ్చేయాలి. తప్పు చేస్తే అది తప్పు కాదని తర్వాత తేలాలి. క్షమాపణ చెప్పాలంటే ఎదుటివాడు అంతకన్నా ముందు చెప్పేయాలి. ఇవన్నీ తీసేశాక ఆ మనిషి ఎదగడానికి ఇక దారేది?

దీనికి తోడు వయసు. తారల వయసు పెరుగుతున్నా పాత్రల వయసు ఆగిపోవడం మనకు పాత అలవాటు. 1977లో 'అడవి రాముడు' వచ్చేనాటికి ఎన్టీఆర్‌కు 53 ఏళ్లు నిండాయి, జయప్రదకు 15. అందులో ఇద్దరూ ఈడూ జోడూ అన్నట్టు పాటలు పాడుకున్నారు. 1989లో 'శివ'లో కాలేజీ కుర్రాడిగా వేసేనాటికి నాగార్జునకు 30. 2002లో 'ఇడియట్'లో అమ్మాయి వెంటపడే చంటిగా చేసిన రవితేజకు 34. ఆ నటుల ప్రతిభ గురించి నాకు ఏ అనుమానమూ లేదు. 'శివ' తెలుగు సినిమా నడకనే మార్చింది. నేను చెబుతున్నది ఆ ముఖానికి, ఆ పాత్రకు మధ్య ఉన్న దూరం గురించి. 34 ఏళ్ల ముఖం వెంటపడుతుంటే దాన్ని కుర్రతనపు అమాయకత్వం అని సర్దుకోవడం కుదరదు. అదే పని 17 ఏళ్ల కుర్రాడు చేస్తే వాడికి ఎవరైనా బుద్ధి చెప్పొచ్చు, వాడు నేర్చుకోవచ్చు. ముప్పై దాటినవాడు చేసి చివరికి గెలిస్తే, చూసే 17 ఏళ్లవాడు నేర్చుకునేది వేరే.

అలాగని ఫైట్లూ సాహసాలూ ఉన్న ప్రతిదీ కుర్రతనం అనుకోకండి. 'పాతాళభైరవి'లో తోటరాముడు తనను బలివ్వబోయిన మాంత్రికుడినే బలిస్తాడు. జానపదానికి దాని న్యాయం దానికుంది. అక్కడ నేను ఈ కొలత పెట్టను. మన వీధిలో, మన ఆఫీసులో జరిగే కథ అని చెప్పుకున్న సినిమాకే ఈ పరీక్ష. కుర్రవాళ్లను కుర్రవాళ్లుగా చూపించే సినిమాలతోనూ నాకు పేచీ లేదు. శేఖర్ కమ్ముల 'హ్యాపీ డేస్' (2007)లో ఇంజినీరింగ్ పిల్లలు ఇంజినీరింగ్ పిల్లల్లాగే ఉన్నారు.

పాత సినిమాల్లో అంతా పెద్దరికమే అని కూడా నేను అనను. కానీ 'మిస్సమ్మ' (1955) మళ్లీ ఒకసారి చూడండి. నాకు ఎప్పుడు చూసినా కొత్తగా ఉంటుంది. నిరుద్యోగులైన ఇద్దరు గ్రాడ్యుయేట్లు. అప్పాపురం బడిలో భార్యాభర్తలైన టీచర్లు కావాలని ప్రకటన. ఎం.టి. రావు, మేరీ ఇద్దరూ భార్యాభర్తలమని అబద్ధం చెప్పి చేరతారు. కథ అబద్ధం మీదే నిలబడింది, నిజమే. కానీ ఆ అబద్ధం ఎందుకు? మేరీ తండ్రి, డేవిడ్ అనేవాడి దగ్గర చేసిన అప్పు తీర్చాలి, లేకపోతే అతన్ని పెళ్లి చేసుకోవాలి. అంటే ఆమెకు ప్రతి నెలా జీతం కావాలి. మేరీ మూతి ముడుస్తుంది, విసుక్కుంటుంది, రావు దగ్గర జమున పాట నేర్చుకుంటుంటే అసూయ పడుతుంది. ఆ పాత్ర వేసిన సావిత్రికి అప్పటికి అటూ ఇటూగా ఇరవై ఏళ్లు. అయినా మర్నాడు పొద్దున బడి గంట కొట్టే వేళకు క్లాసులో ఉంటుంది. ఒప్పందం అంటే ఒప్పందమే. ఒకే ఇంట్లో ఇద్దరు పరాయివాళ్లు, ఎవరి హద్దు ఎక్కడో మాట్లాడుకుని, ఆ మాట నిలబెట్టుకుంటూ ఉండటం ఎంత పెద్దరికమో చూడండి. రావు ఆ అమ్మాయి కోపాన్ని భరించాడే తప్ప ఒక్కచోట కూడా అవకాశం తీసుకోలేదు. పైకి సరదా సినిమా, లోపల ఇద్దరు బాధ్యతగల మనుషులు.

దానికి రెండేళ్ల ముందు వచ్చిన 'దేవదాసు'లో పెద్దరికం పంపకం ఇంకోలా ఉంది. పార్వతి అర్ధరాత్రి అతని గదికి వచ్చి నన్ను తీసుకెళ్లు అని అడిగిన రోజున నోరు పెగలనివాడు దేవదాసు. ఆ తర్వాత ఆమె ఈడొచ్చిన పిల్లలున్న జమీందారుకు భార్యయి, ఆ పెద్ద సంసారాన్ని నడిపింది. అతనికి తాగడం తప్ప ఇంకేం మిగల్లేదు. జనం అతన్ని చూసి ఏడ్చారు. ఏడవచ్చు, తప్పులేదు. కానీ ఆ కథలో పెద్దయింది పార్వతే. 1953లో పార్వతి, 2017లో ప్రీతి. మధ్యలో అరవై నాలుగేళ్లు గడిచాయి, బరువు మాత్రం అదే భుజం మీద ఉంది. 'దేవదాసు' పార్వతి సంసారాన్ని కనీసం తెర మీద చూపించింది.

నాకు మనసుకు బాగా దగ్గరైనది మాత్రం విశ్వనాథ్‌గారి 'సాగర సంగమం' (1983). నాట్యకళాకారుడు బాలు ఒకే మనిషిలో ఇద్దరు. తను ప్రేమించిన మాధవికి భర్త తిరిగొచ్చినప్పుడు తనే పక్కకు తప్పుకుని వాళ్లను కలుపుతాడు. అంత పెద్ద పని చేసినవాడు ఆ పని తాలూకు మర్నాడును భరించలేకపోయాడు. తాగుడుతో తనను తాను పాడు చేసుకున్నాడు. ఎన్నో ఏళ్లపాటు అతన్ని మోసింది స్నేహితుడు రఘు. శరత్‌బాబు వేసిన ఆ పాత్ర గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అతను ఉపన్యాసం ఇవ్వడు, విసుగొస్తే దాచుకోడు, అయినా వదిలిపెట్టడు.

నూతి గట్టు మీద తాగి ఆడే సన్నివేశం అందరికీ గుర్తే. దాని చివర చూడండి. మాధవి అప్పటికే భర్తను పోగొట్టుకుంది. ఆ సంగతి బాలుకు తెలిస్తే తట్టుకోలేడని బొట్టు పెట్టుకుని వచ్చింది. వాన పడుతుంది. ఆమె బొట్టు చెరిగిపోకూడదని అతను చెయ్యి అడ్డం పెడతాడు. ఆమె అతని కోసం దాస్తోంది, అతను ఆమె కోసం కాపాడుతున్నాడు. అంత మత్తులో కూడా అతనికి ఎదుటి మనిషి సౌభాగ్యం గుర్తుంది. ఒక్క మాట లేదు. ఆ చేత్తోనే మళ్లీ గ్లాసు పట్టుకుంటాడు కూడా. సినిమా అతన్ని క్షమించి ఊరుకోదు. మాధవి కూతురికి నాట్యం నేర్పే పని అప్పగిస్తుంది. మిగిలిన కొద్ది రోజుల్లోనైనా ఆ విద్య ఇంకొకరికి ఇచ్చి వెళ్లాలని పట్టుబడుతుంది. వ్యసనంలో ఉన్న ప్రతిభావంతుడి కథ అంటే ఇలా ఉండాలి అని నా అభిప్రాయం. జాలిపడాలి, పని కూడా చెప్పాలి.

ఇటీవలివాటిలో 'జెర్సీ' (2019) మొదటి సగం మీకు నచ్చుతుంది. 36 ఏళ్ల అర్జున్ ఒకప్పటి మంచి క్రికెటర్, ఇప్పుడు ఉద్యోగం లేదు. కొడుకు అడిగిన జెర్సీ కోసం 500 రూపాయలు కావాలి. ఎవరెవరినో అడుగుతాడు, పుట్టదు. చివరికి భార్య పర్సులోంచి తియ్యబోయి దొరికిపోతాడు. భార్య సంపాదన మీద నడుస్తున్న ఇంట్లో మగాడి ముఖం ఎలా ఉంటుందో అంత దగ్గరగా చూపించిన సినిమాలు మనకు తక్కువ. రెండో సగంలో అతను ఒంట్లో ఉన్న జబ్బు తెలిసీ ఆటలోకి దిగుతాడు, భార్యాబిడ్డల్ని వదిలేసి పోతాడు. దాన్ని సినిమా గొప్ప త్యాగంగా నిలబెట్టింది. చూసేవాళ్లకు కన్నీళ్లొస్తాయి. నాకూ వచ్చాయి. కానీ ఆ నిర్ణయంలో భార్య సారాకు మాట దక్కలేదు, అక్కడ నాకు సినిమాతో పేచీ ఉంది.

'పెళ్లి చూపులు' (2016)లో చిత్ర మొదటి నుంచీ ఎదిగిన మనిషి. ఫుడ్ ట్రక్ పెట్టాలనుకుంది, మోసపోయింది, మళ్లీ లెక్కలు వేసుకుంది. ప్రశాంత్ బద్ధకస్తుడు. అతని మార్పు ఉపన్యాసంతో రాదు. పొద్దున లేవాలి, కూరగాయలు తేవాలి, జనం వచ్చేవేళకు వంట అయ్యుండాలి. పనే అతన్ని పెద్దవాణ్ని చేసింది. ప్రేమ ఆ పని మధ్యలో, ఎవరూ ప్రకటించకుండా వచ్చింది.

ఇక 'కేరాఫ్ కంచరపాలెం' (2018). 49 ఏళ్ల అటెండర్ రాజు, అతని ఆఫీసుకు ఆఫీసరుగా వచ్చిన 42 ఏళ్ల రాధ. ఆవిడకు భర్త లేడు, ఎదిగిన కూతురు ఉంది. విశాఖలోని ఆ పేటలోని మనుషులే చాలావరకు నటించారు. రాజుకు పెళ్లెందుకు కాలేదని ఊరే పంచాయితీ పెడుతుంది. ఆయన అరవడు, తలదించుకోడు. వాళ్లిద్దరి మధ్య ప్రేమ పలకరింపుల్లో, కలిసి చేసిన నడకల్లో పెరుగుతుంది. బడి పిల్లాడిగా, కుర్రాడిగా, నడివయసువాడిగా మనం పక్కపక్కన చూసిన ప్రేమకథలు ఎవరివో చివర్లో తెలిసినప్పుడు, ఆ మనిషి అంత నెమ్మదిగా ఎలా అయ్యాడో అర్థమవుతుంది. ఆ పాత ఓటములన్నీ అతనిలో చేదుగా మారకుండా ఉండిపోయాయి. అరకులో ఫోటోగ్రాఫర్ కథ 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' (2020) కూడా అదే దర్శకుడిది. మలయాళం నుంచి తెచ్చుకున్నదే అయినా మన నేల వాసన పట్టింది. తనను కొట్టినవాణ్ని తిరిగి కొట్టేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకున్నవాడి కథ. ఒట్టు కుర్రతనమే. ఆ ఒట్టుతో రోజూ ఒట్టికాళ్లతో నడుస్తూ, తన పని తను నేర్చుకోవడం కుర్రతనం కాదు.

మీ అబ్బాయి గురించి అడిగారు కాబట్టి నేనైతే ఏ వరసలో చూపిస్తానో చెబుతాను. ముందు 'పెళ్లి చూపులు'. వాడి వయసుకు దగ్గర, నవ్వుకుంటాడు. తర్వాత 'బలగం', వీలైతే ఇంట్లో బాబాయిలు, మేనత్తలు అందరూ ఉన్న పండగ రోజున. ఆ తర్వాత 'కంచరపాలెం'. 'మిస్సమ్మ' వాడు మొదట ఒప్పుకోడు, మొదటి అరగంట మీరు పక్కన కూర్చుంటే తర్వాత వాడే చూస్తాడు. 'సాగర సంగమం' ఇప్పుడే పెట్టకండి, ఇంకాస్త ఆగండి. ఏదైనా ఓడిపోయిన అనుభవం ఉంటే అది మరింత బాగా తగులుతుంది.

'అర్జున్ రెడ్డి'కి సెన్సార్ వాళ్లు 'ఏ' సర్టిఫికెట్ ఇచ్చారు, పద్దెనిమిది నిండాకే చూడాలి. నిండాక వాడు ఎలాగూ ఫ్రెండ్స్‌తో చూస్తాడు, వద్దని ఆపకండి. చూసొచ్చాక మాత్రం అర్జున్ మంచివాడా చెడ్డవాడా అన్న వాదనకు దిగకండి, అది ఎటూ తేలదు. ప్రీతి ఆ నెలలు ఎలా గడిపి ఉంటుందో, ఇంటి అద్దె ఎలా కట్టి ఉంటుందో వాడినే ఊహించి చెప్పమనండి.